కంపెనీ కట్టెలు

బాలప్పకు గడ్డపోతారంలో మందుల ముడిసరుకు చేసే ఒక కంపెనీలో నౌకరి దొరికిన ఏడాదే, కౌసల్యమ్మ కాలికి తుమ్మముల్లు దిగి చీము పట్టింది. వాళ్ల ఊరు లక్డారంలో వంటకట్టెలు దొరకడం అప్పటికే గగనమైపోయింది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఊరి వెనక గుట్ట మీద కంప కొట్టుకుని ఎండ ముదరకముందే ఇల్లు చేరేవాళ్లు. ఆ గుట్ట సగం కంకర మిషన్ల పాలైంది. మిగతా సగానికి ప్లాట్లవాళ్లు కంచె వేశారు. ఇక ఆడవాళ్లు వాగు దాటి, ఎవరి గట్టు మీద ఏ కొమ్మ ఎండిందా అని వెతుక్కుంటూ పోవాల్సి వచ్చేది. పత్తి ఏరడం అయిపోయాక పీకిన పత్తికట్టె మూడు నాలుగు నెలలకు మించి రాదు. రేషన్ కిరసనాయిలు కరెంటు పోయినప్పుడు దీపాలకే సరిపోదు. సిలిండరన్నది పటాన్‌చెరులో నౌకరిదారుల ఇళ్లలోనే ఉండేది.

నెత్తిన మోపు పెట్టుకుని, కుంటుకుంటూ ఆమె వాకిట్లోకి రావడం బాలప్ప చూశాడు. మనసులో ఉన్నది మాటల్లో పెట్టే అలవాటు అతనికి లేదు. వారం తిరగకముందే డ్యూటీ దిగి వస్తూ, సైకిలు వెనక పలకల మోపు కట్టుకొచ్చాడు.

"ఏందియి?" అంది కౌసల్యమ్మ.

"పెట్టెల పలకలు. సరుకంత గిసోంటి పెట్టెలల్లనే వస్తది. పగలగొట్టి గేటెనక పారేస్తరు. సూపర్‌వైజర్ను అడిగితే తీస్కపో అన్నడు. ఇగ నువ్వు కట్టెలకు పోవుడు బంద్."

ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో పెళ్లయిన ఇన్నేళ్లలో ఎన్నడూ చూడని వెలుగు కనిపించింది. కౌసల్యమ్మ పలకలు దించి, పశువుల కొట్టం పక్కన రేకుల కింద పేర్చింది.

ఆ ఇంట్లో పొయ్యి అత్త నర్సింహమ్మది. కూరగాయలు కోడలు తరిగినా, రొట్టెలు కోడలు చేసినా, పొయ్యి ముందు పీట మీద కూర్చుని మంట ఎగదోసేది మాత్రం ఆ ముసలామే. కంపెనీ కట్టె చురుగ్గా అంటుకునేది. కొన్ని పలకల మీద నల్లగా, జిడ్డుగా మరకలుండేవి. అవి కాలేటప్పుడు మంట అంచు ఆకుపచ్చగా తిరిగి, గొంతులో కారం కొట్టినట్టయ్యేది.

"కొత్త కట్టె గదా, గట్లనే ఉంటది. నా కొడుకు దయ, వాకిట్ల నిలవడితె కట్టె దొరుకుతున్నది," అని ముసలామె కొంగుతో కళ్లు తుడుచుకునేది. వాడకట్టులో కౌసల్యమ్మను చూసి ఈర్ష్య పడనివాళ్లు లేరు. పక్కింటి మొగులమ్మ, మొగుడు పోయి రెండెడ్లు, రెండు బర్రెలతో సేద్యం చేసుకునే మనిషి, ఇంకా వాగు అవతలికే పోయేది. "నీ పని బాగున్నదే చెల్లె," అనేది.

రెండో వానాకాలానికి నర్సింహమ్మకు దగ్గు పట్టుకుంది. వానలకు తలుపులు మూస్తే పొగంతా ఇంట్లోనే సుడి తిరిగేది. ముందు దగ్గు, తర్వాత దమ్ము. నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకుని నిలబడేది. పటాన్‌చెరులో సూదులు వేయించారు. సూది బలం ఉన్నన్నాళ్లు తేరుకునేది, మళ్లీ మామూలే. చివరికి సంగారెడ్డి పెద్ద దవాఖానకు తీసుకుపోయారు.

అక్కడ డాక్టరు వీరలక్ష్మిది గోదావరి వైపు మాట. ముసలామె వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. బాలప్పను మందులకు పంపి, కౌసల్యమ్మను అడిగింది.

"ఈవిడ చుట్ట కాలుస్తారా అమ్మా?"

"లేదమ్మా. ఎన్నడు ముట్టలే."

"పొయ్యిలో ఏం పెడతారు?"

"కట్టెలే. మా ఇంటాయన కంపెనీ కాణ్ణుంచి తెస్తడు. సరుకొచ్చిన పెట్టెల పలకలు."

డాక్టరు రాస్తున్న కలం ఆపింది. "వాటి మీద మందులేమైనా ఒలికి ఉంటాయా?"

"నల్లగ మరకలుంటయి."

"చూడమ్మా, మామూలు కట్టె పొగే ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. అవి కాలిస్తే వచ్చేది ఇంకా చెడ్డది. ఈవిడ జబ్బు దానివల్లే వచ్చిందని నేను ఒట్టేసి చెప్పలేను. కానీ ఆ చెక్కలు ఇంకొక్క పూట కూడా కాల్చకండి. మీకు పశువులున్నాయా?"

"ఎడ్లున్నయి. ఓ బర్రె ఉన్నది."

"అయితే గోబర్ గ్యాస్ పెట్టించుకోండి. మండలాఫీసులో అడిగితే సాయం చేస్తారు. పేడతోనే మండుతుంది, పొగ ఉండదు."

బాలప్ప మందులు పట్టుకుని తిరిగొచ్చాడు. "ఏమన్నది డాక్టరమ్మ?" అన్నాడు. వచ్చేటప్పుడు బస్సులో తల్లిని ఒళ్లో పడుకోబెట్టుకుని, ఆమె మొహం మీద ఎండ పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి కూర్చున్న మనిషికి, నువ్వు తెచ్చిన కట్టెలే అని ఎట్లా చెప్పడం? "పొగకు దూరముంచమన్నది," అని ఊరుకుంది కౌసల్యమ్మ.

ఆనాటి నుంచి ఆ పలకల్లో ఒక్కటి కూడా పొయ్యిలో పెట్టలేదు. పేడకు ఈత చాపలు అడ్డం కట్టి వానల్లోనే పిడకలు చేసింది. దొరికిన పుల్లా పుడకా ఏరుకొచ్చింది. అత్తను వాకిట్లో చూరు కింద గాలి తగిలే చోట మంచం వేసి పడుకోబెట్టింది. బాలప్ప మాత్రం ఎప్పటిలాగే పలకలు తెస్తున్నాడు. రేకుల కింద కుప్ప పెరుగుతోంది.

"పేరుస్తున్నవేంది?" అన్నాడొకనాడు.

"ముసురు పడితె పనికొస్తయని," అంది.

అబద్ధం నాలుక మీద చేదుగా మిగిలింది. అయినా అది కొన్నాళ్లు నిలిచేదే, మొగులమ్మ వచ్చి అడగకపోతే.

"నువ్వెట్లా వాడ్తలేవు గదా. గా కట్టెలు జెర నాకియ్యరాదు? నా నడుము పడిపోతున్నదే."

ఇవ్వనంటే పిసినారి అనుకుంటుంది. ఇస్తే ఆమె కూడా తలుపులు మూసుకుని ఆ పొగలోనే కూర్చుంటుంది. కౌసల్యమ్మ ఉన్న సంగతంతా చెప్పేసింది. "ఆయనకు తెల్వదు అక్కా. ఎక్కడ అనకు," అని బతిమాలింది.

మొగులమ్మ చెడ్డది కాదు. భయపడింది. ఇంకో ఇద్దరు కూడా కంపెనీల వెనక ఏరుకొచ్చి కాలుస్తున్నారని తెలిసి, బోరింగు దగ్గర వాళ్లకు చెప్పింది. అక్కడి నుంచి ఆ మాట మగవాళ్ల దాకా పోయింది. షిఫ్టుకు పోతున్న బాలప్పను హోటల్ ముందు ఒకడు ఆపి నవ్వాడు. "ఏం బాలప్పా, నీ తల్లికి నువ్వే పొగ పెట్టినవంట!"

బాలప్ప ఆ పూట పనికి పోలేదు. సైకిలు తిప్పుకుని ఇంటికొచ్చి, వాకిట్లోనే నిలబడి అరిచాడు.

"ఊరందరికి చెప్పినవు, నాకు చెప్పరాలేదా?"

"నీకెట్ల చెప్పాలె?" అంది కౌసల్యమ్మ. ఏడుపొచ్చింది గానీ ఆపుకుంది.

"డాక్టరమ్మకేం తెలుసు? నేను పొద్దంత గా మందుల నడుమనే ఉంట. నాకేమైంది? చెప్పు, నాకేమైంది?"

కౌసల్యమ్మ అతని వైపు చూసింది. పొద్దున లేవగానే పెరట్లో నిలబడి ఎంతసేపు దగ్గుతాడో, ఆ చేతుల మీద తోలు ఎట్లా పొలుసులు లేస్తోందో ఆమెకు తెలుసు. ఆ చూపుకు బాలప్ప గొంతు దిగిపోయింది.

మంచంలోంచి నర్సింహమ్మ చెయ్యెత్తింది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతూ, "వాన్నేమనకు బిడ్డా... నీ కాళ్లు జూడలేక... తెచ్చిండు వాడు," అంది.

ఆ తర్వాత బాలప్ప పలకలు తేవడం మానేశాడు. దాని గురించి మాట్లాడటం కూడా మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, లేకపోతే తల్లి మంచం పక్కన కూర్చునేవాడు. ఇక ఇతన్ని కనిపెట్టుకుని ఉంటే కాదని, కౌసల్యమ్మ మొగులమ్మను వెంటబెట్టుకుని తనే మండలాఫీసుకు పోయింది. అటూ ఇటూ తిప్పారు గానీ పని అయింది. మేస్త్రీ అంజయ్య వచ్చి పెరట్లో ముగ్గు పోసి, గుంత తవ్వకం మొదలుపెట్టించాడు. బాలప్ప అడ్డు చెప్పలేదు. చెయ్యీ వెయ్యలేదు.

గుంత నడుము లోతు అయ్యేసరికి ముసురు పట్టుకుంది. ఆ ముసురులోనే, ఒక మధ్యాహ్నం, కోడలు నోట్లో పోసిన గంజి మింగకుండానే నర్సింహమ్మ కన్నుమూసింది.

ఊరు కదిలి వచ్చింది. వాన సన్నగా పడుతూనే ఉంది. పాడె సిద్ధమవుతుండగా కట్టెల మాట వచ్చింది. ఊళ్లో ఏ ఇంటి కట్టె చూసినా నానిపోయి ఉంది. ఎండు కట్టె ఉన్నదల్లా ఆ ఇంటి రేకుల కిందే.

"ఇంట్లనే ఇన్ని కట్టెలుండంగ తిరుగుడెందుకు?" అని ఒక పెద్దమనిషి అన్నాడు. ఇద్దరు కుర్రాళ్లు పోయి పలకలు ఎత్తడం మొదలుపెట్టారు.

తల్లి కాళ్ల దగ్గర కూర్చున్న బాలప్ప లేచాడు.

"అవి ముట్టకుండ్రి."

"ఏందిరా?"

"ముట్టకుండ్రి అంటున్న. మా అవ్వను గా కట్టెల మీద పెట్ట."

కుర్రాళ్లు ఎత్తిన పలకలు కింద పెట్టేశారు. హోటల్ ముందు అతన్ని ఎగతాళి చేసినవాడు కూడా అక్కడే ఉన్నాడు, తల దించుకున్నాడు. బాలప్ప గొడ్డలి తీసుకుని వానలోకి నడిచాడు. చెలక గట్టు మీద ఎడ్లకు నీడనిచ్చే పాత తుమ్మ ఒకటుంది, సగం ఎండింది. దాన్ని కొట్టడం మొదలుపెట్టాడు. దెబ్బ దెబ్బకూ దగ్గు వస్తోంది, ఆగుతున్నాడు, మళ్లీ కొడుతున్నాడు. వెనకాలే వచ్చినవాళ్లు గొడ్డలి ఇవ్వమన్నా ఇవ్వలేదు. కాసేపటికి అతనంతట అతనే ఇచ్చి, బురదలో కూలబడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

తుమ్మ చాలలేదు. మొగులమ్మ తన పాత కొట్టం దూలాలు, వాసాలు విప్పించి బండి మీద వేయించింది. "మళ్ల ఏస్కుంట తియ్యి," అంది. కాష్టం అంటుకోవడానికి చాలాసేపు పట్టింది. అంటుకున్నాక నిలకడగా కాలింది.

దినాలు అయిపోయాక హోటల్ అతను వచ్చి రేకుల కింది కుప్ప తనకు అమ్మమన్నాడు. బాలప్ప ఇవ్వలేదు. ఎడ్లబండి కట్టి పలకలన్నీ ఎక్కించాడు. నౌకరికి చేటవుతుందేమోనని కౌసల్యమ్మ భయపడింది గానీ ఆపలేదు. అతను ఆ బండిని అంత దూరమూ తోలుకుపోయి, కంపెనీ గేటు వెనక తెచ్చిన చోటే దించాడు.

"తీస్కపోయేటోళ్లను జూసిన గని, తిరిగి తెచ్చినోణ్ణి జూడలే," అని వాచ్‌మన్ నవ్వాడు.

"ఎవ్వలకు ఇయ్యకుండ్రి. పొయ్యిల పెట్టేవి కావియి," అన్నాడు బాలప్ప.

తనతో పనిచేసేవాళ్లకు చెప్పాడు. కొందరు విన్నారు. ఇంట్లో వేరే దారి లేనివాళ్లు విని కూడా తీసుకుపోతూనే ఉన్నారు. గేటు వెనక పలకలు పడుతూనే ఉన్నాయి.

వాన వెలిశాక పెరట్లో పని మళ్లీ మొదలైంది. ఈసారి గుంతలో బాలప్పే దిగాడు. డోము కట్టి, పైపు వేసి, పేడా నీళ్లూ సమంగా కలిపి నింపారు. నెల దాకా ఆగాలన్నాడు అంజయ్య. మొదట వచ్చిన గ్యాసు వెలగలేదు. పెండ పొయ్యి ఎట్లా మండుతదని చూడవచ్చినవాళ్లు నవ్వుకుంటూ పోయారు. ఆ గాలి వదిలేయమన్నాడు అంజయ్య. మరికొన్నాళ్లకు కౌసల్యమ్మ అగ్గిపుల్ల గీసి పెడితే, బర్నరు చుట్టూ నీలం మంట లేచింది. చప్పుడు తప్ప పొగ లేదు. ఆమె పీట వేసుకుని కూర్చుంది. అత్త ఈ మంట చూడకుండా పోయింది. జొన్నరొట్టె చేస్తున్నంతసేపూ కళ్లలో నీళ్లు కారుతూనే ఉన్నాయి.

ఆ మంటకు కొలత ఉంటుందని చలికాలం నేర్పింది. చలికి పేడ పులియడం మందగించి, రెండో గిన్నె ఉడకకముందే మంట వాలిపోయేది. కౌసల్యమ్మ పప్పు ముందే నానబెట్టడం, గిన్నె మీద మూత పెట్టడం, అన్నం ముప్పావు ఉడకగానే దించి గుడ్డ చుట్టి ఉంచడం అలవాటు చేసుకుంది. స్నానాలకు మసిబారిన కుండలో నీళ్లు పోసి మిద్దె మీద ఎండకు పెట్టేది. అంతకుముందు ఇంట్లో ఎంత మండుతోందో, ఎందుకు మండుతోందో ఎవరూ చూసుకున్నవాళ్లు కాదు. గుంతలోంచి బయటికొచ్చిన మడ్డి ఎరువుగా చెలకకు పోసేవాళ్లు.

పేడ కలిపే పని బాలప్ప ఆమెను చెయ్యనివ్వలేదు. డ్యూటీకి పోయేముందు మోచేతుల దాకా ముంచి తనే కలిపేవాడు. ఒక పొద్దున, చేతులు ఆడిస్తూనే తలెత్తకుండా అన్నాడు.

"నాకా రోజే చెప్పుంటె నేను ఇనేటోణ్ణి కాదు. కొట్టేటోణ్ణేమో."

"తెలుసు," అంది కౌసల్యమ్మ.

"అవ్వకు ముందుగాలనే తెలుసా? కట్టెల సంగతి?"

కౌసల్యమ్మ ఆలోచించింది. "తెలుసు. నువ్వు లేనప్పుడు నేనే చెప్పిన. అయినా నీ మీద పానం పెట్టుకునే ఉన్నది."

అతను చాలాసేపు పేడలోంచి చేతులు తియ్యలేదు. తర్వాత లేచి కడుక్కుని, సైకిలు తీశాడు.

ఎండాకాలం వచ్చాక మొగులమ్మకు కూడా గుంత మంజూరైంది. సెలవు రోజున బాలప్ప పార తీసుకుని ఆమె పెరట్లోకి పోయాడు. మధ్యాహ్నం కౌసల్యమ్మ గోడ మీదుగా రొట్టెలు, పచ్చిపులుసు అందించింది. అతను గట్టు మీద కూర్చుని తిన్నాడు. నీళ్లు తాగి, మళ్లీ గుంతలోకి దిగాడు.