జరిగినది మాత్రమే

మా ఆయన అక్క, ఆర్డిస్ వదిన, ఆ చలికాలమంతా మా వంటింటి బల్ల దగ్గరే చదువుకుంది. తన ఇంట్లో నిశ్శబ్దం మరీ ఎక్కువని, పుస్తకం తెరిస్తే నిద్ర వస్తుందని చెప్పేది. భర్త రాయ్ పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. నేను బంగాళాదుంపల చెక్కు తీస్తూ ప్రశ్న అడగాలి, ఆమె కళ్లు మూసుకుని జవాబు చెప్పాలి. సరుకు అరువుకు అడిగే వ్యాపారిని ఏమేం చూసి నమ్మాలి, దివాలా తీసిన కంపెనీ ఆస్తిలో ఎవరి వాటా ముందు, ఇలాంటి ప్రశ్నలు. పుస్తకంలో ఉన్న మాట కాక మరో మాట చెబితే అర్థం సరిపోయినా నేను ఒప్పుకునేదాన్ని కాదు.

"మా తమ్ముడు నీతో ఎలా వేగుతున్నాడే లోయిస్?" అనేది.

"ఆయన్ని పరీక్ష పెట్టే చేసుకున్నాను వదినా. మళ్లీ చెప్పు."

మిల్వాకీలో నల్లా గొట్టాలు టోకుగా అమ్మే ఒక కంపెనీలో ఆమె క్రెడిట్ మేనేజరు. ఏ కాంట్రాక్టరుకు ఎంత సరుకు అరువివ్వచ్చో తేల్చేది ఆమే. ఆ వృత్తివాళ్ల సంఘం మూడు మెట్లుగా సర్టిఫికెట్లు ఇస్తుంది. రెండు మెట్లు రాయ్ ఉండగానే ఎక్కేసింది. మూడోది మిగిలింది. ఊళ్లో అది ఉన్నవాళ్లు చాలా తక్కువ, వాళ్లలో మెర్విన్ క్రూగర్ ఒకడు. ఆయనా భార్య పోయి ఒంటరిగా ఉన్న మనిషే, ఆర్డిస్ కంపెనీకి పోటీ కంపెనీలో ఇదే పని చేసేవాడు.

మూడో మెట్టు దాటినవాళ్లకు మే నెల భోజనాల సభలో కోటుకు ఒక చిన్న పిన్ను పెడతారు. అది పెట్టే మనిషిని దాటినవాళ్లే ఎంచుకోవచ్చు, కాకపోతే ఆ మనిషికి కూడా అదే పిన్ను ఉండాలి. ఎవరిని ఎంచుకుంటావని ఒకసారి అడిగితే వదిన పేజీ తిప్పుతూ, "మెర్విన్ గారిని. ఆయన చేతులు వణకవు," అంది. నేను మళ్లీ అడగలేదు. అంతకు ముందు వారమే ఆమె కొత్త కోటు కొనుక్కుంది. పిన్ను పెట్టుకునే చోట పువ్వుల్లేని గుడ్డ కావాలని మూడు దుకాణాలు తిరిగి మరీ కొంది.

వాళ్లిద్దరూ కలుసుకునేది నెలకోసారి, ఒక గురువారం మధ్యాహ్నం, సరస్సు దగ్గర ఒక హోటలు వెనక గదిలో. ఊళ్లో గొట్టాలు, తలుపులు, సిమెంటు అమ్మేవాళ్ల క్రెడిట్ మేనేజర్లందరూ అక్కడ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. అందరికీ ఖాతాదారులు వాళ్లే కాబట్టి ఎవరు ఎలా కడుతున్నారో ఒకరికొకరు చెప్పుకుంటారు. సూపు రాకముందే అధ్యక్షుడు లేచి నియమం చదువుతాడు. జరిగినది మాత్రమే చెప్పాలి. ఫలానావాడికి ఇకమీదట అరువిస్తామా, ఆపేస్తామా, ఏం చేయబోతున్నాం అన్న మాట నోట రాకూడదు. పోటీ కంపెనీలవాళ్లు రేపటి సంగతి కలిసి మాట్లాడుకుంటే చట్టం దాన్ని కుట్ర అంటుంది. ఆర్డిస్‌కు ఆ నియమం ఎంత అలవాటైందంటే, మా ఇంట్లో కూడా రేపు వంటేమిటని అడిగేది కాదు, నిన్నేం వండావని అడిగేది.

నవంబరు సమావేశం మర్నాడు శుక్రవారం. నేను చేపలు వేయిస్తున్నాను. వదిన గట్టు దగ్గర నిలబడి క్యాబేజీ తరుగుతూ ఒక తమాషా చెబుతానంది. ముందురోజు భోజనాలయ్యాక మెర్విన్ ఆమెను కారు దాకా సాగనంపాడట. మంచు మొదలైందట. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, వచ్చే వేసవికి మీరేం అనుకుంటున్నారు ఆర్డిస్ అని అడిగాడట.

"నేనేమన్నానో తెలుసా? జరగబోయేది మనం మాట్లాడుకోకూడదు కదా మెర్విన్ గారూ, అన్నాను. ఆయన నవ్వి, అవును, నిజమే అని టోపీ పెట్టుకుని…"

ఆమె కత్తి ఆగిపోయింది. నూనె చిటపటలాడుతోంది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చేపముక్కలు తిరగేస్తూ నిలబడ్డాను. కాసేపటికి మళ్లీ తరుగుతున్న చప్పుడు వినిపించింది, ముందుకన్నా చాలా నెమ్మదిగా.

"టోపీ తీశాడు లోయిస్," అంది చివరికి. "ఖాతాల సంగతి అడగడానికి ఎవరూ టోపీ తీయరు."

ఫోన్ చేయమన్నాను. ఏమని చేయాలంది. తర్వాతి నెల కలిసినప్పుడు ఆమే ఏదో ఒక మాట కదిపితే సరిపోతుందని ఇద్దరం అనుకున్నాం. కానీ డిసెంబరు గురువారం మెర్విన్ కుర్చీలో ఆయన కంపెనీ కొత్త మేనేజరు కూర్చుంది. మెర్విన్ పదవీ విరమణ చేశాడట. ఆమె బాగా మాట్లాడుతుందని, తెలివైనదని ఆర్డిస్ వచ్చి చెప్పింది. ఆ కుర్చీని మాత్రం బల్లకు మరీ దగ్గరగా లాక్కుంటుందంది.

ఆ తర్వాత ఆమె చదువు తీరు మారింది. అంతకు ముందు మాట తప్పితే నాతో వాదించేది, ఇప్పుడు మారు మాట్లాడకుండా మళ్లీ చెప్పేది. సర్టిఫికెట్ కోసం చదువుతున్నావా, ఆయన్ని చూడడానికా అని మా ఆయన గ్లెన్ ఒకరోజు వేళాకోళం చేశాడు. నేను గుడ్లురిమాను. వదిన మాత్రం పుస్తకంలోంచి తలెత్తకుండానే, "పాసైతేనే కదరా చూసేది," అంది.

పాసైంది. పిన్ను పెట్టడానికి మెర్విన్‌ను పిలవమని సంఘం కార్యదర్శికి చెప్పి, ఆ వారమంతా మా ఇంటికి రాలేదు. వస్తానన్నాడని తెలిశాక వచ్చి, ఆ కోటును నా చేత రెండుసార్లు ఇస్త్రీ చేయించుకుంది.

మే సభకు ఆమె తరఫు అతిథిని నేనే. మెర్విన్‌ను అంతవరకు నేను చూడలేదు. పొడుగాటి మనిషి, చెవుల దగ్గర జుట్టు శ్రద్ధగా కత్తిరించుకున్నాడు. తిన్నాక రుమాలు మడిచి పళ్లెం పక్కన అంచులు కలిపి పెట్టాడు. వదిన పేరు పిలిచినప్పుడు లేచి, పిన్ను పెట్టేవాళ్లు రెండు మాటలు చెప్పడం ఆనవాయితీ కాబట్టి, వాళ్ల గురువారం బల్ల దగ్గర ఖాతాదారుల గురించి చెప్పే ధోరణిలోనే మొదలుపెట్టాడు.

"ఆర్డిస్ గారు చాలా ఏళ్లుగా తెలుసు. చెప్పిన మాట ఏనాడూ తప్పలేదు. ఏ రోజూ ఆలస్యంగా రాలేదు. చివరిసారి చూసింది నవంబరులో." పిన్ను చేతిలోకి తీసుకున్నాడు. "ఇకమీదటి సంగతి చెప్పడానికి మన నియమం ఒప్పుకోదు."

గదంతా నవ్వింది. వదిన నవ్వలేదు. ఆయన పిన్ను పెడుతుంటే ఆయన చేతుల వైపే చూస్తోంది. అవి వణుకుతున్నాయి. పిన్ను కొంచెం వంకరగా కూర్చుంది. దాన్ని ఆమె సరిచేసుకోలేదు.

బయట కార్ల దగ్గరికి ముగ్గురం కలిసే నడిచాం. నేను తాళాలు వెతుక్కుంటున్నట్టు వెనకబడ్డాను గానీ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఈ వేసవికి ఏమనుకుంటున్నారు మెర్విన్?" అంది వదిన.

"ఇల్లు అమ్మేశాను," అన్నాడు. "శనివారం సామాన్ల లారీ వస్తుంది. టూసాన్‌లో మా అమ్మాయి తన ఇంటికి దగ్గర్లో చిన్న ఇల్లొకటి చూసింది. అక్కడ మంచు ఉండదట."

"అలాగా."

"నవంబరులో నేనడిగింది…"

"తెలుసు. మర్నాటికి తెలిసింది."

"మర్నాడు నేను ఇంట్లోనే ఉన్నాను ఆర్డిస్."

"ఫోన్ చేయాల్సింది," అంది వదిన. ఎవరు చేయాల్సిందో చెప్పలేదు, ఆయనా అడగలేదు. ఆయన టోపీ తీశాడు. ఈసారి వీడ్కోలుకు.

దారిలో వదిన కారు అద్దంలోంచి సరస్సు వైపు చూస్తూ కూర్చుంది. ఐస్‌క్రీములాంటి కస్టర్డ్ అమ్మే దుకాణం దగ్గర ఆపనా అంటే తలూపింది. గిన్నె ఒళ్లో పెట్టుకుని, కరిగిపోయేదాకా చెంచాతో కలుపుతూనే ఉంది.

ఆ సర్టిఫికెట్ ఒకసారి వస్తే శాశ్వతం కాదు. గడువులోగా మళ్లీ కొన్ని తరగతులు చదివి పాయింట్లు చూపించకపోతే పోతుంది. కింది రెండు మెట్లకూ వదిన ఎప్పుడూ అవి పోస్టులో పాఠాలు తెప్పించుకునే సంపాదించింది. సంఘం దేశమంతటికీ కలిపి జరిపే పెద్ద మహాసభకు వెళ్లినా పాయింట్లు వస్తాయి గానీ, హోటలు ఖర్చు దండగని ఏనాడూ వెళ్లలేదు.

సెప్టెంబరులో ఒక శుక్రవారం వచ్చి, ఎప్పటిలాగే క్యాబేజీ ముందు పెట్టుకుంది. కోటుకు పిన్ను ఉంది, ఇంకా వంకరగానే.

"వచ్చే వసంతంలో మహాసభ ఫీనిక్స్‌లో పెట్టారు," అంది.

"పోస్టులో చదివితే చాలదా వదినా?"

"చాలు."

నేను చేపలు నూనెలో వేశాను. ఆమె మా బల్ల మీద వదిలి వెళ్లిన సంఘం పత్రికలో ఆ ఊరి పేరు చూసినప్పుడే, టూసాన్ నుంచి అదే రాష్ట్రంలోని ఫీనిక్స్‌కు కారులో ఎంతసేపు పడుతుందో నేను మ్యాపులో చూసి పెట్టాను. అడుగుతుందేమోనని ఎదురుచూశాను. ఆమె అది అడగలేదు.

"అక్కడ వచ్చే వసంతానికి ఈ కోటు మందమవుతుందంటావా?" అంది.

మా వంటింట్లో ఆమె రాబోయే రోజుల సంగతి అడగడం నేను వినడం అదే మొదలు. పలచటిది ఒకటి కొందాం, పువ్వుల్లేనిది చూద్దాం అన్నాను.