సిస్టరమ్మ వెనకాల

సాయంత్రం ఎండ తగ్గగానే కమలమ్మ తెల్లచీర కట్టుకుని వీధిలోకి దిగుతుంది. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో కాన్పుల నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఊరంతా సిస్టరమ్మ అంటుంది. ఆమె గడప దాటగానే, ఆమె చేతులమీద పుట్టినవాళ్లంతా చేతిలో పని వదిలేసి ఆమె వెనకాల నడుస్తారు. టైలర్ నూరుల్లా మెడలో టేపుతోనే వస్తాడు. ఇందిరమ్మ బాండలిలో బజ్జీలు వదిలేసి వస్తుంది. చర్చి గేటు దాకా పోయి, ఆమె వెనక్కి తిరిగితే అందరూ తిరుగుతారు. మాడిన బజ్జీలు తినడం ఆ ఊరికి అలవాటే. తెలివైన వ్యాపారులు అంగట్లో ప్రొద్దుటూరులో పుట్టినవాళ్లను కూర్చోబెట్టుకుంటారు. సంబంధాలు చూసేటప్పుడు కూడా జాతకం కంటే ముందు కాన్పు యాడైందని అడుగుతారు.

కమలమ్మ మేనకోడలు జీవిత పుట్టింది ప్రొద్దుటూరులో, ఇంకెవరి చేతులమీదో. అందుకే జీవిత కాళ్లు జీవిత మాటే వింటాయి. జంతువుల నడవడి మీద చదువు చదివి, అత్త మిద్దెమీద కోళ్లు పెట్టుకుని పరీక్షలు చేస్తుంటుంది. గుడ్డులోంచి బయటపడ్డ పిల్ల, కదిలేది ఏది ముందు కనిపిస్తే దాని వెంటే పోతుంది. అది చూడటానికి ఊళ్లో మిద్దెక్కాల్సిన పనేముందో గాని, జీవిత ఇంకొకటి కూడా చూసింది. గాజుగిన్నె కింద పిల్ల గిలగిల్లాడుతున్నా, అరుపు వినపడకపోతే తల్లికోడి తన మానాన గింజలేరుకుంటుంది. అదే పిల్లను చాటున కట్టేస్తే, కనపడకపోయినా అరుపు విని రెక్కలు విప్పుకుని పరుగెత్తుకొస్తుంది.

పులివెందులలో గొర్రెల మందల నడవడిని గమనించే పరిశోధన ఉద్యోగం ఆమెకు వచ్చింది. ఏళ్ల తరబడి కన్న కల. సోమవారం చేరాలి. కానీ మనసు మనసులో లేదు. ఈమధ్య కమలమ్మకు మతి నిలవడం లేదు. ఒకరోజు చర్చి దారి మరిచిపోయి బైపాస్ రోడ్డు మధ్యలో నిలబడింది. వెనక సగం ఊరు నిలబడింది. లారీల వాళ్లు తిట్టిన తిట్లు ఇన్నీ అన్నీ కావు. తాను వెళ్లిపోతే ఆమెను చూసుకోవడానికి బయటి ఊరి మనిషిని ఎవరినైనా పెట్టమని జీవిత నూరుల్లాను బతిమాలింది.

నూరుల్లా నవ్వేశాడు. "కోడి తొక్కితే పిల్ల చస్తాదా, పాపా? మమ్మల్ని భూమ్మీదికి తెచ్చిందే ఆయమ్మ. యాడికి తీస్కపోతాది?"

శనివారం మైలవరం డ్యాం గేట్లెత్తారు. పెన్న నిండుగా పారుతోంది. ఆ సాయంత్రం కమలమ్మ చర్చి గేటు దగ్గర ఆగలేదు. తిన్నగా ఏటివైపు నడిచింది.

మిద్దెమీంచి చూసిన జీవిత రెండేసి మెట్లు దూకుతూ కిందికి దిగింది. పరుగున పోయి అత్తకు అడ్డం నిలబడి చేతులు చాచింది. దారిలో స్తంభాన్ని తప్పుకున్నట్టు కమలమ్మ తప్పుకుని పోయింది. అత్తా, అత్తా అని గొంతు పోయేలా పిలిచినా తిరగలేదు. వెనకవాళ్ల ముఖాల్లో భయముంది గాని కాళ్లలో లేదు.

"పాపా, కాళ్లు నా మాట ఇనడంలే," అన్నాడు నూరుల్లా. ఈసారి నవ్వలేదు.

కమలమ్మ నీళ్లలో దిగింది. మోకాళ్ల దాకా వచ్చాయి. అప్పుడు జీవితకు గాజుగిన్నె గుర్తొచ్చింది. కళ్ల ముందు నిలబడితే చాలదు, పేరుపెట్టి పిలిచినా చాలదు. బురదలో చతికిలబడి, కళ్లు మూసుకుని, అప్పుడే పుట్టిన బిడ్డలా క్యారుమంది. మొదట దొంగ ఏడుపే. రెండో కేకకే లోపల అణుచుకున్న భయమంతా బయటపడి నిజం ఏడుపైంది.

కమలమ్మ ఆగింది. వెనక ఊరాగింది. ఆమె గట్టెక్కి వచ్చి, జీవిత తలను ఒళ్లో పెట్టుకుని, కొంగుతో నోరూ ముక్కూ తుడిచి, వీపు మీద తట్టింది.

"ఆడబిడ్డ. ఏడ్చింది. ఇంక భయం లేదు," అంది ఎవరితోనో.

ఆరోజు నుంచి కమలమ్మ తనంతట తాను ఎక్కడికీ పోలేదు. అరిచిన పిల్ల వెంట తల్లికోడిలా, జీవిత అడుగు తీస్తే ఆమె అడుగు తీస్తుంది. ఆమె వెనక ఊరు. ఎవరికీ ఇది వింతనిపించలేదు. బయటికి పోయేముందు ఒక మాట చెబితే పొయ్యి ఆర్పుకుంటానని మాత్రం ఇందిరమ్మ జీవితను అడిగింది.

సోమవారం తెల్లవారగానే జీవిత చెప్పులు చేత్తో పట్టుకుని, సంచీ తగిలించుకుని పిల్లిలా బయటపడింది. బస్టాండుకు పోయి పులివెందుల బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. అంతలోనే ఆపేసి, తలుపు తీసుకుని దిగిపోయాడు.

కిటికీలోంచి చూస్తే కమలమ్మ వట్టికాళ్లతో నిలబడి ఉంది. ఆమె వెనక డ్రైవర్, కండక్టర్, మెడలో టేపుతో నూరుల్లా, పిండి చేతులతో ఇందిరమ్మ, ఇంకా ఎంతమందో.

"యాడికి పోతాండావు, పాపా?" అన్నాడు నూరుల్లా మెల్లగా. "చెప్పు, వస్తాం."

జీవిత బస్సు దిగింది. సంచీ భుజానికెత్తుకుని, పెన్నకు ఎదురు దిక్కున ఇంటివైపు నడిచింది. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే అత్త కొంగు పట్టుకుని పరుగెత్తుకొస్తుందని పళ్లు బిగబట్టింది. వెనకాల ఊరంతా నడుస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.