ఇరవై రెండు అంతస్తుల నాన్చుడు

వాన మొదలై కాస్సేపైనా కాలేదు, కప్పు కారడం మొదలుపెట్టింది. అట్టలక్క గబగబా ప్రెస్సు మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, జిగురు డబ్బాను కాలితో బల్ల కిందికి నెట్టి, ఆరబెట్టిన థీసిస్‌లను చేతికందినన్ని గుండెకు హత్తుకుని వెనక గదిలోకి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి మిగిలినవాటిలో రెండింటి అట్టలు ఉబ్బిపోయి ఉన్నాయి. నిన్న సాయంత్రమే వాటి మీద బంగారు అక్షరాలు అచ్చువేసింది. ఇప్పుడు అట్ట ఊడదీసి, తడిసిన పేజీలు మార్చి, మళ్ళీ మొదటినుంచి కుట్టుకుంటూ రావాలి. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆ వీధిలో అందరూ ఆమెను అట్టలక్క అనే పిలుస్తారు. యూనివర్సిటీ వెనక గేటుకి ఎదురుగా వరసగా ఉన్న రేకుల కప్పు దుకాణాల్లో చివరిది ఆమె బైండింగ్ షాపు. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టిన పని. ఇప్పటికి ఎన్ని వందలమంది చదువులకు అట్టలు వేసిందో ఆమెకే తెలియదు.

చెయ్యి తుడుచుకుని షాపు ఓనరుకి ఫోన్ చేసింది.

"ఏమ్మా, మళ్ళీ కారిందా?" అన్నాడాయన, ఆ కప్పు తనది కానట్టు.

"కారడం కాదండీ, ధారలు కడుతోంది. రేకులు మార్పిస్తారా లేదా?"

"రేపో మాపో కూల్చేసే కొంపకి కొత్త రేకులెందుకమ్మా? టవర్ వస్తోందిగా."

"ఆ రేపో మాపో అన్న మాట నాలుగేళ్ళనుంచీ వింటున్నానండీ."

"నా చేతుల్లో ఏముంది చెప్పు," అని ఫోన్ పెట్టేశాడు.

టవర్ అంటే, ఈ దుకాణాల వరసంతా పడగొట్టి, ఆ చోట విద్యార్థుల కోసం కడతామంటున్న ఇరవై రెండు అంతస్తుల హాస్టల్. దాని బొమ్మ ఎదురు గోడమీద అంటించి ఉంది. నీలం అద్దాల మేడ, పైన డాబామీద నవ్వుతున్న కుర్రకారు. ఎండకి వెలిసి ఆ పిల్లల ముఖాలు చెరిగిపోయాయి, పళ్ళు మాత్రం మిగిలాయి. కట్టే కంపెనీ మనిషి, టై కట్టుకుని తిరిగే కుర్రాడు, అప్పుడప్పుడూ షాపుకొచ్చి "టవర్ కింద మీకో షాపు ఇస్తామమ్మా" అని ఊరించి పోతుంటాడు. ఎంత చోటో, ఎప్పుడో అడిగితే నవ్వుతాడు. ఇంకోపక్క టవర్ వద్దనే పేట సంఘం ఒకటుంది. దాని పెద్ద, చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు. ఆయన వచ్చినప్పుడల్లా "మీలాంటివాళ్ళే ఈ పేటకి ప్రాణం తల్లీ" అంటాడు. కప్పు సంగతెత్తితే గడియారం చూసుకుంటాడు.

అట్టలక్క ఇద్దరూ తెచ్చిన కాగితాలమీదా సంతకం పెట్టేసింది. ఎవరు నెగ్గితేనేం, త్వరగా తేలితే చాలని ఆమె ఆశ. ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆ మాట విని, "నేను బండిని ముందుకీ వెనక్కీ ఒకేసారి నడిపితే నా ఉద్యోగం ఊడుతుంది. నీకు మాత్రం చెల్లిపోయింది," అన్నాడు.

ఆ వానరోజు సాయంత్రం మేనకోడలు క్లాసులు ముగించుకుని వచ్చింది. అన్నగారి కూతురు, కెమిస్ట్రీ చదువుతోంది. యూనివర్సిటీ హాస్టల్లో సీటు రాలేదు, బయట గదులు దొరికే దారి లేదు. అందుకని షాపు వెనక గదిలో, కాగితం కట్టల మధ్య మడతమంచం వేసుకుని చదువుకుంటోంది. ఇప్పుడా మంచం మీద కూడా తడి థీసిస్‌లు పరిచి ఉన్నాయి.

"ఇవన్నీ ఇక్కడ పెడితే నేనెక్కడ పడుకోవాలత్తా?"

"నా నెత్తిన పడుకో."

"అందుకే టవర్ రావాలనేది."

"వస్తే నీకు గది దొరుకుతుంది, నాకు రోడ్డు దొరుకుతుంది."

"కింద షాపు ఇస్తామన్నారుగా!"

"అన్నారు. అనడానికేం, నోరుంటే చాలు."

పిల్ల సంచి కిందపడేసి నడుంమీద చేతులు పెట్టుకుంది. "ఇంతకీ నువ్వెవరి పక్షం?"

"నేను కప్పు పక్షమే తల్లీ. పొడిగా ఉండే కప్పు ఎవరిస్తే వాళ్ళ పక్షం."

ఆ వారంలోనే మునిసిపల్ ఆఫీసులో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ఈసారి తేల్చేస్తారని అందరూ అనుకున్నారు. అట్టలక్క షాపు మూసి, ఉతికిన చీర కట్టుకుని వెళ్ళింది. భర్త డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎడమవైపు అట్టముక్కలమీద నినాదాలు రాసుకుని విద్యార్థులు, వాళ్ళలో మేనకోడలు. కుడివైపు మాస్టారూ, ఆయన బృందమూ. మధ్యలో ఎటూ చెందనివాళ్ళు.

ముందు కంపెనీ తరఫు ఇంజనీరు లేచి, చలికాలంలో టవర్ నీడ ఎటు పడుతుందో తెరమీద చూపించాడు. మాస్టారు ఆ నీడ యూనివర్సిటీ పచ్చికను ఎండకు దూరం చేస్తుందన్నాడు. ఇంజనీరు ఆ పచ్చిక చలికాలం ఎలాగూ ఎండిపోతుందన్నాడు. ఆ నీడమీద జరిగినంత చర్చ తన జీవితంలో దేనిమీదా జరగలేదని అట్టలక్కకు అనిపించింది. పక్కకు చూస్తే భర్త కునుకు తీస్తున్నాడు.

చివరికి "బైండింగ్ షాపు తరఫున" అని పిలిచారు. మైకు ముందుకు వెళ్ళి నిలబడింది.

"నాకు ఉపన్యాసాలు రావండీ," అంది. "కట్టే పనైతే కట్టండి. నేనింకో చోటు వెతుక్కుంటాను. మానే పనైతే మానండి. మా ఓనరు రేకులు వేయిస్తాడు. ఏదో ఒకటి తేల్చండి. మీరిక్కడ నాన్చుతున్నారు, అక్కడ నా షాపు నానుతోంది."

హాలంతా గొల్లుమంది. రెండువైపులా చప్పట్లు మోగాయి. నవ్వించడానికి చెప్పలేదామె.

"ఇంకోటండీ. అదిగో, ఆ పిల్ల మా మేనకోడలు. కాగితం కట్టల మధ్య పడుకుని చదువుతోంది. ఆ పిల్లకీ ఏదో ఒక సమాధానం చెప్పండి."

మునిసిపల్ కమిటీ అధ్యక్షురాలు కళ్ళజోడు సవరించుకుని, "మీ ఆవేదన నమోదు చేసుకున్నాం," అంది. తరువాత పక్కవాళ్ళతో గుసగుసలాడి తీర్మానం చదివింది. టవర్ వస్తే వీధిలో రద్దీ ఎంత పెరుగుతుందో చేసిన సర్వే చెల్లదట. యూనివర్సిటీ సెలవుల్లో, వీధి ఖాళీగా ఉన్నప్పుడు చేశారట. మళ్ళీ చేయించాలి. అందాకా విషయం వాయిదా.

బయట మెట్లమీద మాస్టారు ఎదురొచ్చి, "బ్రహ్మాండంగా ఖండించావు తల్లీ!" అన్నాడు. ఆయన అటు పోగానే టై కుర్రాడొచ్చి, "మీ మద్దతు మరిచిపోమమ్మా," అన్నాడు.

"ఒక్క ముక్కతో ఇద్దర్నీ మెప్పించావే," అన్నాడు భర్త.

"మెప్పించడం కాదు. ఒక్కడికీ వినబడలేదు."

ఆ ఊపులోనే ఓనరు ఇంటికి నడిచింది. దారిపొడుగునా అనవలసినవన్నీ కూడగట్టుకుంది. తలుపు తీసిన ఆయన బనీనుతో ఉన్నాడు, గడ్డం మాసి ఉంది. ఆమె ముఖం చూస్తూనే లోపలికి రమ్మన్నాడు.

"తిట్టు, తిట్టి పో," అన్నాడు కుర్చీలో కూలబడి. "మా బావమరిది మాట విని ఆ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాను. సంగతి తేలేదాకా అక్కడ ఒక్క రేకు మార్చకూడదు, ఇంకొకడికి అమ్మకూడదు. డబ్బేమో టవర్ మొదలైతేనే ఇస్తారు. మా ఆవిడ ఆ రోజునుంచీ నాతో మాట్లాడితే ఒట్టు. నువ్వు కప్పు కింద ఇరుక్కున్నావు, నేను సంతకం కింద ఇరుక్కున్నాను."

లోపల వంటగదిలో గిన్నె ఒకటి దబ్బుమని పడ్డ చప్పుడైంది. అది ఆవిడ సమాధానం కాబోలు.

అట్టలక్క కూడగట్టుకున్న మాటలన్నీ దండగైపోయాయి. నాలుగేళ్ళుగా ఈ మనిషిని మనసులో తిట్టుకుంటూనే పొద్దు గడుపుతోంది. ఇప్పుడు తిట్టుకోడానికి కూడా ఒక మనిషి మిగలకుండా పోయాడే అని ఏడుపొచ్చినంత పనైంది.

"నేనే వేయించుకుంటే?" అంది చివరికి.

"నాకు చెప్పకు. ఆ వీధిలోకి నేను రానులే."

ఆదివారం నాడు భర్త డిపోలోంచి నిచ్చెన అడిగి తెచ్చాడు. ఎక్కడో గోడౌన్ విప్పితే వచ్చిన పాత రేకులు, తెలిసిన ఫిట్టరు ఒకడు. రేకు ఎత్తుగా ఉన్నచోట కన్నం పెట్టి, రబ్బరు వాషరు తొడిగి బోల్టు బిగించాలి. లేకపోతే కొత్త కన్నంలోంచే నీళ్ళు దిగుతాయి. మేనకోడలు కిందనుంచి బోల్టులు అందిస్తూ "మామయ్యా, జాగ్రత్త, అది బస్సు కాదు, బ్రేకుండదు," అని ఆటపట్టించింది. మధ్యాహ్నందాకా నవ్వుతూనే పని సాగింది.

మధ్యాహ్నం మాస్టారు ఆ దారిన పోతూ ఆగి ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. "పోరాటమంటే ఇదీ!" అన్నాడు.

"పోరాటం లేదు, పాడూ లేదు. వానండీ," అంది కప్పుమీద రేకు పట్టుకుని ఉన్న అట్టలక్క. ఆయన అప్పటికే వెళ్ళిపోయాడు.

ఆ ఫోటో ఎక్కడెక్కడ తిరిగిందో, మర్నాడే టై కుర్రాడు ముఖం ముడుచుకుని వచ్చాడు. "మీరు అటువైపు చేరారని మా పైవాళ్ళు బాధపడుతున్నారమ్మా. ఆ కింద షాపు సంగతి ఇక నేను హామీ ఇవ్వలేను."

"ఇదివరకు ఇచ్చావా నాయనా?" అంది ఆమె. "ఆ షాపెక్కడుందో చూపించు, ఇప్పుడే వదిలేస్తాను."

అతను నవ్వలేదు. ఆమె మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకుంది.

ఇంత చేశాక మేనకోడలు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఊరికి ఆ చివర ఎవరితోనో కలిసి ఉండే గది దొరికిందట. రెండు బస్సులు మారాలి.

"ఇప్పుడు గది పొడిగానే ఉందిగా. నీ మంచం నీకే," అంది అట్టలక్క.

"నాకో బల్ల కావాలత్తా. ఒక కిటికీ కావాలి. టవర్ వస్తుంది, వస్తుందని ఇన్నాళ్ళూ సర్దుకున్నాను. ఆ టవరే ఉంటే నీకు దగ్గరలోనే ఉండేదాన్ని."

"అప్పుడు నేనే ఇక్కడ ఉండేదాన్ని కాదు కదే."

"ఎక్కడో అక్కడ ఉండేదానివి. వెతుక్కుని వచ్చేదాన్ని."

అట్టలక్క తాడు అందుకుంది. పిల్ల పుస్తకాల కట్టను గట్టిగా తాడేసి ముడివేసి ఇచ్చింది. మరీ గట్టిగా వేసిందేమో, అక్కడికి వెళ్ళాక కత్తెరతో కోయవలసి వచ్చిందని పిల్ల ఫోన్‌లో చెప్పింది.

రద్దీ సర్వే మళ్ళీ చేశారు. ఈలోగా కమిటీకి కొత్త అధ్యక్షుడొచ్చి ఇరవై రెండు అంతస్తులు ఎక్కువన్నాడు. కంపెనీ పద్దెనిమిదికి దించింది. ప్లాను మారింది కాబట్టి అన్నీ మొదటికొచ్చాయి. మేనకోడలు చదువు ముగించి, వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. తన కోసమే కడతామన్న ఆ టవర్‌కి ఆ పిల్ల పునాది గుంతైనా చూడలేదు.

మళ్ళీ ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. అదే హాలు. ఎడమవైపు విద్యార్థుల్లో ఒక్కటీ తెలిసిన ముఖం లేదు. మాస్టారు మాత్రం అదే కుర్చీలో ఉన్నాడు. తెరమీద నీడ ఈసారి కాస్త పొట్టిగా పడింది.

"బైండింగ్ షాపు తరఫున," అని పిలిచారు.

అట్టలక్క లేచింది గాని మైకుదాకా పోలేదు.

"కొత్తగా చెప్పేదేమీ లేదండీ. కిందటిసారి రాసుకున్నారుగా, అదే తీసి చదువుకోండి. నా కోసం షాపు దగ్గర పిల్లలు కాచుకుని ఉంటారు, థీసిస్‌లు రేపే సమర్పించాలట."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఆమె సంచి భుజాన వేసుకుని, కుర్చీల వరసలోంచి "కాస్త జరగండి, కాస్త జరగండి," అంటూ బయటికి నడిచింది.