అవ్వ గుండు మీద సీరం

మనవరాలు పవిత్రకు ఉద్యోగం వస్తే తలనీలాలు ఇస్తానని మునెమ్మ అవ్వ మొక్కుకుంది. తిరుపతిలో మందుల షాపులో ఉద్యోగం వచ్చింది, మొదటి జీతమూ వచ్చింది. అవ్వ కార్వేటినగరం నుంచి బస్సెక్కి వచ్చి, పవిత్ర చెయ్యి పట్టుకుని అలిపిరి మెట్లన్నీ ఎక్కింది. "కాళ్లు నొప్పా అవ్వా?" అని పిల్ల అడిగినప్పుడల్లా, "నాకేం నొప్పి? రాయి మాదిరి ఉండా" అంది.

గుండు చేయించుకుని, స్నానం చేసి బయటికొచ్చాక అవ్వ గంధం కోసం చూసింది. పవిత్ర సంచిలోంచి చిన్న సీసా తీసింది. మొదటి జీతంతో అవ్వ కోసమే కొన్న, చర్మానికి పూసుకునే సీరం అది.

"గంధమెందుకు, ఇది పూస్తా. తవుడులోంచి తీసిన యాంటీఆక్సిడెంట్ ఉండాది దీంట్లో, ఫెరూలిక్ యాసిడ్ అంటారు. విటమిన్ సి కూడా కలిపినారు. ఎండకు చర్మం చెడిపోకుండా కాపాడతాది."

"తవుడా? మన ఆవు తినేదే కదా, పూయి."

షాపులో పదిమందికి జాగ్రత్తలు చెప్పే పిల్ల, తవుడు సరుకు ఏం చేస్తుందిలే అనుకుని, అప్పుడే కత్తి తిరిగిన గుండు మీద ధారాళంగా పూసేసింది. ప్రేమ ఎక్కువైతే బుర్ర పనిచేయదు మరి!

"ఎట్లుండాది అవ్వా?"

"సల్లగా ఉండాది తల్లీ."

అవ్వ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. స్వామిని తలుచుకుందేమో అని పవిత్ర మురిసిపోయింది. తీరా చూస్తే గుండంతా పండు మిరపకాయలా ఎర్రబడింది. పిల్లకు పై ప్రాణాలు పైనే పోయాయి. అవ్వను కుళాయి దగ్గరికి లాక్కెళ్లి నీళ్లు పోస్తూనే, షాపులో పెద్దాయన వెంకటరమణకు ఫోన్ చేసింది.

"మంచి సరుకే గానీ దాంట్లో పులుపు ఉంటాది. కత్తి పెట్టిన చర్మం మీద ఎవరైనా పూస్తారామ్మా? బాగా కడుగు. తగ్గకపోతే డాక్టరుకు సూపించు. చర్మం కుదుటపడినాంక, ముందు మోచేతి లోపల ఒక చుక్క పెట్టి సూడాల. అంతవరకు ఎండలో తలకు గుడ్డ కట్టు" అన్నాడాయన.

సాయంత్రానికి మంట తగ్గింది. పవిత్ర ఏడుపు తగ్గలేదు.

"మండుతాంటే సల్లగా ఉండాదని ఎందుకు సెప్పినావు?"

"నీ మొదటి జీతంతో తెచ్చినావు. మండతాదని ఎట్ల సెప్పేది?"

"ఇంకెప్పుడూ అట్ల దాచొద్దు. నా మీద ఒట్టు."

అవ్వ ఒట్టు వేసింది.

రెండు వారాలు పవిత్ర అవ్వను తన గదిలోనే ఉంచేసుకుంది. చర్మం మామూలైంది. అప్పుడు అవ్వ మోచేతి లోపల ఒక్క చుక్క పెట్టి, మరునాడు పొద్దున్నే పట్టి పట్టి చూసింది.

"మంట ఉండాదా? నిజం సెప్పు."

"లేదు తల్లీ. ఈడ ఏమీ లేదు." అవ్వ మెల్లగా అంది. "ఒట్టేసినా కదా, సెప్తా. మోకాళ్లు ఏడాదిగా పీకతాండాయి. కొండెక్కినప్పట్నుంచి నిద్రే లేదు."

పవిత్ర సీసా మూత పెట్టేసి, అవ్వ కాళ్లు రెండూ ఒళ్లోకి తీసుకుంది.