రెండో పాదంలో యతి

యతి తప్పితే మాస్టారికి పంటి కింద రాయి పడినట్టే. పెళ్లి పత్రికలో పద్యం తప్పుగా అచ్చయిందని దగ్గర చుట్టాల పెళ్లికే ఎగనామం పెట్టిన ఘటం. మామూలుగా చెబితే ఏదీ చెవినేసుకోడు కనుక, కష్టమైనా సుఖమైనా కూతురు ఆయనకి పద్యంలోనే చెప్పేది.

ఆ కూతురు ఇవాళ పొద్దున తొమ్మిదింటికి మూడో అంతస్తు కిటికీలోంచి కిందపడి చనిపోయింది. మధ్యాహ్నానికి మాస్టారు పోలీసు స్టేషన్లో కూర్చున్నాడు. పక్క బెంచీ మీద అల్లుడు. కిటికీ తుడుస్తూ జారిందని, ఇంటి తలుపు తీసే ఉందని అతని మాట.

ఇన్‌స్పెక్టరమ్మ ఒక కాగితం ముందుకు జరిపింది. “మీ అమ్మాయి పుస్తకంలో దొరికింది. ఏదో సరదాకి రాసుకుందంటున్నారు మీ అల్లుడుగారు. మీరు చెప్పండి మాస్టారూ.”

“ఆటవెలది. గణాలు సరిపోయాయి.” ఇంత దుఃఖంలోనూ నోటికి పాత అలవాటు పోలేదు.

“గణాలు నాకెందుకండీ? ఏ మనసుతో రాసిందో చెప్పండి.”

“కరుణ రసం,” అన్నాడు.

“మరి ఈ రెండో పాదం కొట్టేసి మళ్ళీ రాసిందేం?”

ముందు ‘తలుపు గడియ బయట వేసి యుండె’ అని ఉంది. దాన్ని కొట్టేసి, పైన ‘తలుపు గడియ బయట తాళమాయె’ అని దిద్దింది. అల్లుడు గబుక్కున తలెత్తాడు.

“నాకేం తెలుసమ్మా” అనేస్తే మాస్టారి పరువు దక్కుతుంది. అల్లుడూ చల్లగా ఇంటికి పోతాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. తన మీద తనకే అసహ్యం వేసి, జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

పొద్దున ఎనిమిదింటికి కూతురు పద్యం పంపింది. పావుగంటకి ఆయన జవాబు: ‘రెండో పాదంలో యతి తప్పింది. త-కి వే కుదరదు. దిద్దుకో.’ ఎనిమిదిన్నరకి దిద్దిన పద్యం వచ్చింది. దాని కింద, ‘ఇప్పుడైనా అర్థమైందా నాన్నా?’

ఇన్‌స్పెక్టరమ్మ వేలితో తెర పైకి జరిపింది. “దీనికి మీరేమన్నారు?”

ఆవిడే చదువుకుంది. ఎనిమిదీ ముప్ఫై రెండుకి ఆయన పంపింది ఒకటే మాట: ‘భేష్.’