సాధనకిచ్చిన చెయ్యి

బెండకాయలు కోస్తుంటే మా ఆయన డ్వేన్ వచ్చి, "అవి తర్వాత చూసుకోవచ్చులే, చెయ్యి ఇలా ఇవ్వు" అన్నాడు. కత్తి పక్కన పెట్టి, వేళ్ల జిగురు కడుక్కుని, వంటింటి బల్ల మీద ఎడమ చెయ్యి చాపాను. కుడి చెయ్యి ఇవ్వను, దానితో వంట చెయ్యాలి.

మా ఊరి జైల్లో మరణశిక్షలు అమలు చేస్తారు. ఉరి కాదు, సూదిమందు. ఓక్లహోమా వాళ్లం కదా, ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్లకి ఇదేమీ వింత కాదు. డాక్టర్లు మాత్రం ఆ సూది వేసే గది గడప తొక్కరు. ప్రాణం నిలబెట్టడానికి చదివిన చదువుతో ఆ పని చెయ్యం అంటారు. అందుకని జైలు సిబ్బందిలోంచే కొందరిని ఎంచి, నేర్పి పంపుతారు. వాళ్ల పేర్లు రహస్యం. అంటే ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పోయిన వసంతంలో డ్వేన్‌ని ఎంచారు. నరానికి సూది గుచ్చడం రబ్బరు చెయ్యి మీద నేర్పారట. రబ్బరులో నరం జారదు, మనిషిలో జారుతుంది. "మనిషి మీద చేస్తే గానీ చెయ్యి తిరగదే" అన్నాడు. ఇంట్లో ఉన్న మనిషిని నేనే.

నేను ఆస్పత్రిలో రక్తం తీస్తాను, చిన్నపిల్లలకి కూడా. నరం దొరక్కపోతే వేడినీళ్లలో ముంచిన తువ్వాలు చుట్టి, వాళ్ల కుక్కపిల్ల పేరేమిటని అడుగుతాను. తువ్వాలు సంగతి ఓసారి భోజనాల దగ్గర చెప్పాను. ఇప్పుడు జైల్లోనూ వేడి తువ్వాలు చుడుతున్నారు. "ఎంత మంచి ఆలోచనమ్మా మీ ఆయనది!" అని డ్వేన్ పైఅధికారి భార్య చర్చిలో మెచ్చుకుంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఒళ్లు మండింది, అయినా నవ్వాను.

"నొప్పా?" అన్నాడు డ్వేన్, రెండోసారి పొడుస్తూ.

"లేదు."

ఈ "లేదు" నాకు అలవాటైన మాట. పెళ్లైన రాత్రి అన్నాను. కాన్పైన వారానికి మా అత్తయ్య వెర్నా, "నడుం నొప్పా? మేం మర్నాడే లేచి బట్టలుతుక్కున్నాం తల్లీ" అన్నప్పుడూ అదే అన్నాను. కోడలి మొహం ప్రశాంతంగా ఉంటే ఇంటిల్లిపాదికీ ముద్ద దిగుతుంది. ఎవరూ నేర్పలేదు గానీ బాగానే వచ్చింది నాకు.

మూడు మందులుంటాయని డ్వేనే చెప్పాడు. మొదటిది మత్తుకి, రెండోది ఒళ్లు కదలకుండా బిగదీయడానికి, మూడోది గుండె ఆపడానికి.

"రెండోది ఎందుకు?" అన్నాను.

"అద్దం అవతల సాక్షులుగా జనం కూర్చుని చూస్తారు కదే. వాడు గిలగిల్లాడితే చూడలేరు. నిద్రపోయినట్టుండాలి."

"మత్తు సరిగ్గా ఎక్కకపోతే? లోపల నొప్పి పుడితే ఎలా చెప్తాడు?"

"చెప్పలేడు. వదిలెయ్, నీకెందుకు అవన్నీ?" అంటూ చేతికి దూది అద్ది లేచాడు. బెండకాయలు మళ్లీ అందుకున్నాను.

ఈసారి లీలండ్ పూల్ అనే ఖైదీ వంతు. పెట్రోలు బంకులో ఒకామెని చంపాడు. కాదని అతనూ అనడం లేదు. అతని మీద నాకు జాలి కలగలేదు, ఆ చచ్చిపోయినావిడ మీదే కలిగింది. కానీ అతని లాయరు కోర్టుకెక్కాడు. గుచ్చేవాళ్లకి చేతకాదు, మత్తు నరంలోకి కాక కండలోకి పోతే మనిషి తెలివితో ఉండి, నోరు మెదపలేక, లోపల్లోపల కాలిపోతూ పోతాడు, అది శిక్ష కాదు చిత్రహింస అని.

ప్రభుత్వం తరఫు లాయరు హాల్కమ్ ఆదివారం మా ఇంటికి భోజనానికొచ్చాడు. నేను మాంసం, బీన్స్, మొక్కజొన్న రొట్టె చేశాను. డ్వేన్ ప్రమోషన్ ఈ కేసు మీదే ఆధారపడి ఉందని అత్తయ్య పీచ్ పండ్ల మీద పిండి కప్పి కాల్చిన కాబ్లర్ మోసుకొచ్చింది.

"మా వాడు ఈవిడకి ఎన్నిసార్లు గుచ్చాడో! ఒక్కనాడు అబ్బా అన్న పాపాన పోలేదు" అంది అత్తయ్య, ఆయనకి మారు వడ్డిస్తూ.

"నాక్కావలసింది ఆ మాటేనమ్మా" అన్నాడు హాల్కమ్ నాతో. "పేర్లు బయటికి రాకుండా తలుపులు మూసే విచారిస్తారు. రేపు జడ్జిగారి ముందు నిలబడి, మీ ఆయన గుచ్చితే నొప్పి పుట్టలేదని చెప్పండి చాలు."

"ఎందుకు చెప్పదు?" డ్వేన్ నా భుజం తట్టాడు. "మా రోండా ఎంత కష్టమొచ్చినా మొహంలో కనపడనివ్వదు సార్."

మెచ్చుకోలుగానే అన్నాడు. బల్ల చుట్టూ చూశాను. ముగ్గురూ నా మొహంలోకే చూస్తూ, అది ఎప్పట్లాగే ఉన్నందుకు హాయిగా నములుతున్నారు. నాకు భయం వేసింది. లీలండ్ పూల్ కోసం కాదు, నా కోసం.

చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి, నలుపూ పసుపూ తిరిగిన చెయ్యిని రొట్టె పళ్లెం పక్కన పెట్టాను.

"నొప్పి పుట్టిందండీ. ప్రతిసారీ" అన్నాను. "రేపు కోర్టుకి ఎన్నింటికి రమ్మంటారు?"