డెబ్బై మూడో నంబరు అభిప్రాయం

ఆ అద్దె పుస్తకాల షాపులో పుస్తకాలు కుట్టే ఆవిడని అందరూ జిగురమ్మ అనేవాళ్ళు. ఎప్పుడు చూసినా వేళ్ళకి జిగురు, ఒళ్ళో చిరిగిన పుస్తకం. ఆ పేరు పెట్టి పిలిచినందుకు ఆవిడ ఏనాడూ నొచ్చుకోలేదు. దాచుకోవాల్సిన సంగతి వేరే ఉంది మరి. షాపులో అన్నిటికంటే ఎక్కువగా నలిగి, అట్టలూడి, మళ్ళీ మళ్ళీ ఆవిడ బల్ల మీదికే వచ్చే ఘాటు ప్రేమ నవలలున్నాయే, అవి రాసింది ఆవిడే. మగ పేరు పెట్టుకుని రాసేది. వాటిని అచ్చు వేసే షాపు పెద్దాయనకి తప్ప ఈ సంగతి మూడో మనిషికి తెలియదు. తను రాసిన పుస్తకానికి తనే కుట్లు వేసుకునే రచయిత్రి ఇంకెక్కడైనా ఉందంటే నేను నమ్మను.

అలాంటి పుస్తకాలు కౌంటరు దగ్గర నిలబడి అడగాలంటే ఆడవాళ్ళకి నోరు రాదు. అందుకే సంచి పిన్ని ఉంది. భుజాన పెద్ద సంచీతో ఇంటింటికీ తిరిగి పాత పుస్తకం తీసుకుని కొత్తది ఇస్తుంది. ఇచ్చేముందు వెనక అట్ట లోపల అంటించిన కాగితం చూసి, ఇంతకుముందు చదివినవాళ్ళు ఏమన్నారో గుమ్మంలోనే చదివి వినిపిస్తుంది. వెనక్కి తీసుకునేటప్పుడు "ఏమంటారు?" అని అడిగి, అన్న మాట అన్నట్టే తన చేత్తో రాస్తుంది. పేర్లుండవు, చందా నంబర్లే. ఏ నంబరు ఏ ఇంట్లో ఉంటుందో సంచి పిన్ని చచ్చినా చెప్పదు. నిజం చెప్పాలంటే సగంమంది చందా కట్టేది పుస్తకం కోసం కాదు, ఆ కాగితం కోసం.

ఆరో నవలతో తేనెతుట్టె కదిపినట్టయింది. అందులో పిల్లకి పాతికేళ్ళు. చదువుకుంది, ఉద్యోగం చేస్తుంది, బస్సులో ఎవడైనా మీద పడితే మోచేత్తో పొడుస్తుంది. కానీ మగవాడితో ఒక గదిలో ఉండటమంటే ఏమిటో మాత్రం బొత్తిగా తెలియదు. ప్రేమించినవాడు అడుగడుగునా ఆగి, "నీకిష్టమేనా?" అని అడిగి గాని ముందుకు వెళ్ళడు. పుస్తకంలో వేడంతా ఆ ఆగడంలోనే ఉంది.

కాగితం నిండిపోయింది. నలభై ఒకటో నంబరు, "పాపం పిల్ల. నేనూ అంతే," అంది. పన్నెండో నంబరు, "పాతికేళ్ళొచ్చి నోట్లో వేలు పెడితే కొరకలేదా? పిల్ల సంగతి ఎలా ఉన్నా అతను బాగున్నాడు. అలాంటివాడు ఇంకే పుస్తకంలో ఉన్నా నాకే ముందు పంపండి," అంది. అరవై ఎనిమిది, "నా కూతురిలా ఉంటే చెవి మెలేస్తాను," అంది. అందరిలోకీ గట్టిగా మాట్లాడింది డెబ్బై మూడు. "ఇది అమాయకత్వం కాదు, మొద్దుతనం. కళ్ళు లేవా, చెవులు లేవా? తెలుసుకోవాలనుంటే తెలియకేం? ఇలాంటిదాన్ని చూసి జాలిపడమనడం రచయిత తప్పు." ఆ వీధుల్లో డెబ్బై మూడు కాదన్న పుస్తకాన్ని తర్వాత ఎవరూ ముట్టుకోరు.

పెద్దాయన కాగితం చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా, ఏడోదాంట్లో కాస్త గడుసుపిల్లని పెట్టు. లేదంటే ఇక ఆపేద్దాం. ఆ డెబ్బై మూడో ఆవిడ సరేనంటే నాకేం అభ్యంతరం లేదు, నీకు నచ్చిన పిల్లని రాసుకో."

జిగురమ్మ గడుసుపిల్లని రాసి చూసింది కూడా. రెండు పేజీలు తిరక్కుండానే ఆ పిల్ల అన్నీ తనే చెప్పేసింది, అతనికి అడగడానికి ఏమీ మిగల్లేదు. అయినా అసలు బాధ అది కాదు. జిగురమ్మకి పెళ్ళయ్యేనాటికి ఇరవై రెండు. నవల్లో పిల్లకి ఎంత తెలుసో ఆవిడకీ అంతే తెలుసు. తేడా ఒక్కటే, ఆవిడనెవరూ ఏమీ అడగలేదు. భర్త చెడ్డవాడేం కాదు. పోయి ఆరేళ్ళయింది, పోయినవాళ్ళ మీద మాటెందుకు. కానీ ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఎవరూ అడగని మాట, ఆరు నవలల్లో ఆవిడ అడిగించుకుంది. ఇప్పుడు ఆపెయ్యమంటే ఊపిరి తీసుకోవద్దన్నట్టే ఉంది.

అందుకే చెయ్యకూడని పని చేసింది. చందా మానేసిన పందొమ్మిదో నంబరుని లేపి నిలబెట్టింది. "పందొమ్మిదో ఆవిడ షాపుకే వచ్చి చెప్పి వెళ్ళింది పిన్నీ, రాసుకో," అని సంచి పిన్నితో రాయించింది. "తెలుసుకోవాలనుంటే తెలుస్తుందన్నారు. ఎవర్నడగాలి? నోరెత్తితే కసిరే ఇంట్లో పుట్టి చూడండి." సంచి పిన్ని కళ్ళెగరేసింది గాని రాసింది.

డెబ్బై మూడు ఊరుకుంటుందా? పుస్తకాన్ని మళ్ళీ తెప్పించుకుని మరీ బదులిచ్చింది. "నేనూ అలాంటి ఇంట్లోనే పుట్టాను. నోరు మూయిస్తే కళ్ళు తెరవాలి." పందొమ్మిది, "తెరిచి గోడలు చూడాలా?" అంది. వీధులు రెండు జట్లయ్యాయి. పన్నెండో నంబరు, "మీరిద్దరూ కలిసి ఒక పుస్తకం రాయండి, తన్నుకోవడం బాగుంది," అని నవ్విందట.

డెబ్బై మూడు నుంచి ఈసారి వచ్చిన బదులు ఒక్క మాటే. "అడగని పిల్లకి అమ్మయినా పెట్టదు. ఈ పిల్ల ఎవర్నైనా అడిగిందా?"

అది వినేసరికి జిగురమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో సూది పక్కన పడేసింది. "రాసుకో పిన్నీ. అడగలేదని ఎవరన్నారు? పెళ్ళికి ముందు రోజు మేడ మీద బట్టలారేస్తూ అక్కని అడిగింది. అక్క తడి దుప్పటి దులిపి, 'దీపం ఆర్పేస్తారు, తెల్లారిపోతుంది, అంతే' అంది. అని కిందికి దిగిపోయింది. అక్కే అలా అంటే ఇంకెవర్ని అడుగుతుంది?"

సంచి పిన్ని వీధి మలుపు తిరిగాక గాని జిగురమ్మకి వెలగలేదు. నవల్లో పిల్లకి అక్క లేదు. మేడ లేదు. ఒక్కతే కూతురు. ఎవరు పట్టించుకుంటారులే అని తనకి తనే సర్దిచెప్పుకుంది గాని, ఆ రోజు వేసిన కుట్లన్నీ వంకరపోయాయి.

నాలుగు రోజుల తర్వాత సంచి పిన్ని వచ్చి కూలబడింది. "డెబ్బై మూడో ఆవిడ రెండుసార్లు చదివించుకుంది. పుస్తకం ఉంచెయ్యమంది. ఏమంటారని అడిగితే ఏమీ అనలేదు. పదేళ్ళలో ఆవిడ ఏమీ అనకపోవడం ఇదే మొదటిసారి."

మర్నాడు మధ్యాహ్నం, పెద్దాయన భోజనానికి వెళ్ళిన వేళ, జిగురమ్మ అక్క వచ్చింది. ఆడపిల్లల స్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. చెల్లెలు చిరిగిన పుస్తకాలు కుట్టడం ఆవిడకి నామోషీ. ముప్పై ఏళ్ళుగా అక్కాచెల్లెళ్ళ మధ్య బాగున్నావా అంటే బాగున్నానన్నంత వరకే మాటలు. షాపు గుమ్మం తొక్కడం ఇదే మొదలు. కూర్చోమనకుండానే కూర్చుని, చేతిసంచీలోంచి ఆరో నవల తీసి జిగురు గిన్నె పక్కన పెట్టింది.

"పందొమ్మిది నువ్వేనా?"

"డెబ్బై మూడు నువ్వా?"

"ముందు అడిగింది నేను."

"నేనే."

"రాసింది కూడా నువ్వేనా?"

అబద్ధమాడటానికి ఓపిక లేకపోయింది. తలూపింది. ఇక చుట్టాలందరికీ తెలిసిపోతుంది, పరువు పోతుంది, పోనీ అనుకుంది. ముప్పై ఏళ్ళది ఒక్కసారే పైకొచ్చింది. "నీకు తెలుసక్కా. తెలిసీ చెప్పకుండా దిగిపోయావు. ఏమవుతోందో తెలియక ఆ రాత్రి నేనెంత భయపడ్డానో నీకేం తెలుసు? ఇప్పుడు నా పిల్లని మొద్దు అంటున్నావు. ఆ మాట నువ్వనకూడదు."

అక్క పుస్తకాన్ని తన వైపు లాక్కుంది.

"నాకు తెలుసా?" అంది. "అప్పటికి నా పెళ్ళయి మూడేళ్ళు. దీపం ఆర్పేవారు. తెల్లారేది. అంతేనే. ఆ రోజు నేనేమీ దాచలేదు. నా దగ్గరున్నదంతా నీకు చెప్పేశాను."

జిగురమ్మ ముప్పై ఏళ్ళు ఎవరి మీద కోపం పెట్టుకుందో, ఆ మనిషి మేడ మీద తనకంటే ఆరేళ్ళు పెద్దదైన ఇంకో పాపం పిల్ల. ఇన్ని పుస్తకాలు రాసింది గాని ఈ సంగతి ఆవిడకి తట్టనేలేదు.

"మరి మొద్దు అని ఎందుకన్నావు?"

"నన్నే అనుకున్నాను. స్కూలంతటికీ పాఠాలు చెప్పినదాన్ని, నేను అడగలేకపోయానే అని ఉక్రోషం. దాన్నెవరి మీద తీర్చుకోను? కాగితం మీది పిల్ల దొరికింది, దులిపేశాను." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మీ పెద్దాయనతో చెప్పు. డెబ్బై మూడు ఒప్పుకుందని చెప్పు. ఆ పిల్ల అలాగే ఉండాలి. నీ జోలికెవరైనా వస్తే నాతో మాట్లాడమను."

జిగురమ్మ ఏడుస్తూనే నవ్వింది. ముప్పై ఏళ్ళ తర్వాత అక్క చెయ్యి పట్టుకుంది. ఇద్దరి వేళ్ళకీ జిగురు అంటుకుంది, అక్క చెయ్యి లాక్కోలేదు.

లేవబోయి అక్క మళ్ళీ కూర్చుంది. షాపులో ఎవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"ఒకటడుగుతాను. నవ్వకూడదు."

"నవ్వను, అడుగు."

"నీ పుస్తకాల్లో అతనున్నాడు కదా. అలాంటి మగవాళ్ళు నిజంగా ఉంటారా?"

యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, ఒకప్పుడు స్కూలంతటినీ గడగడలాడించిన హెడ్మిస్ట్రెస్, కళ్ళు పెద్దవి చేసుకుని చెల్లెలి జవాబు కోసం చూస్తోంది.

"నాకూ తెలీదక్కా," అంది జిగురమ్మ.